పంతొమ్మిది దొడ్ల గొర్లు

సోమమ్మ డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చిన తీరు చూస్తే ఎనక పులి తరుముతున్నదనుకోవాలె. కల్వకుర్తిల పులేడిదనకండి. అమ్రాబాద్ అడివి నుంచి ఒకటి బస్సెక్కి అంగడికి వచ్చిందని, టికెట్టు కూడా కొన్నదని డిటెక్టివ్ భిక్షపతి అందరికీ చెప్తడు. ఆయన దగ్గర పనిచేసే అఖిల పులిని నమ్మదు, ఆయన కండ్లను నమ్ముతది.

“కూసో అక్కా,” అన్నడు భిక్షపతి.

“కూసునే పొద్దు కాదు సారూ! గొల్లింట్ల పుట్టి గొర్లు అమ్ముకున్ననని రాసిన్రు!”

సంగతేందంటే, ఒక సేవాసంస్థ కరువు సాయం కింద ఎర్రగుట్టపల్లెల ఇరవై మంది ఒంటరి ఆడోళ్లకు తలా రెండు గొర్లిచ్చింది. మే పన్నెండున తనిఖీకొచ్చిన సంస్థ ఉద్యోగి విజేందర్, సోమమ్మ దొడ్డి ఖాళీ అని రాసిండు. రేపు నాలుగింటికి పెద్దమేడం శైలజ వచ్చి ఆమె పేరు కొట్టేస్తది. రెండో విడత గొర్లు రావు, ఉన్నవీ గుంజుకుంటరు.

“బిడ్డ పురుడుకు నకిరేకల్ దవాఖానల ఉంటి. గొర్లను మా మరిది బీరన్న మందల ఇడిచిన. ఇప్పుడు చూపెడితే, ఎవలనో అడిగి తెచ్చినవంటున్రు.”

ఆమె ఇచ్చిన నోటీసుకు తనిఖీ జాబితా కుట్టి ఉన్నది. సోమమ్మకు చదువు రాదు. అఖిల మనసులనే చదువుకున్నది. పంతొమ్మిది పేర్ల పక్కన ఒకటే మాట: ‘రెండు గొర్రెలు. దొడ్డిలో ఉన్నాయి. ఆరోగ్యం బాగు.’ సోమమ్మ పేరు పక్కన: ‘దొడ్డి ఖాళీ. తలుపుకు తాళం. నీళ్ల గోలెం ఎండింది. అరుగు మీద విరిగిన కవ్వం.’

“కవ్వం గూడ ఇడువలే!” అని భిక్షపతి మురిసిండు. అఖిలకు ఒళ్లు మండింది.

తెల్లారి ఊర్ల బస్సు దిగితే ఎదురుంగనే సోమమ్మ ఇల్లు. బీరన్న మందతోని ఎదురొచ్చిండు.

“మంద బలిసింది. ఏడ మేపినవ్?”

“కృష్ణ ఒడ్డున సారూ. ఉగాది దాటంగనే పోయిన, జూన్ల మిరుగం వాన పడ్డంకనే మళ్లిన. ఊరందరియి కలిపి మూడువందలు దాటుతయ్.”

“మరి మేడంకు చెప్పకపోయినవా?”

“సోమ వదిన గొర్లు నీ తాననే ఉండెనా అన్నరు, ఉండెనన్న. మరిదివి, గట్లనే అంటవన్నరు. అడిగింది గంతే.”

అఖిల గడియారం చూసుడు, భిక్షపతి హోటల్ల చాయ్ మీద చాయ్ తాగుడు. మూడయింది. మూడున్నరయింది. ఆమె కాలు ఒక్కకాడ నిలువలే.

నాలుగింటికి సంఘం అరుగు మీద శైలజ, విజేందర్, ఇరవై మంది ఆడోళ్లు కూడిన్రు.

“తమ్మీ, పంతొమ్మిది దొడ్లల్ల గొర్లను కండ్లార చూసినవా?” భిక్షపతి అడిగిండు.

“చూసిన సార్.”

“అమ్మా, మే నెల్ల మీ గొర్లు ఏడున్నయ్?”

ఆడోళ్లల్ల ముందున్న మల్లమ్మ పకపక నవ్వింది. “కృష్ణకు పోయినయి గద! మనుషులకే నీళ్లు లేకుండె, గొర్లకేడియి సారూ?” మిగిలినోళ్లంత తలలూపిన్రు.

విజేందర్ నవ్వలే.

“ఆ దినం ఊర్ల ఒక్క గొర్రె లేదు మేడం,” అన్నడు భిక్షపతి. “ఇరవై దొడ్లూ ఖాళీయే. ఈ తమ్ముడు బస్సు దిగి మొదటి ఇల్లు చూసిండు. తాళం, గోలెం, కవ్వం, చూసింది చూసినట్టే రాసిండు. మిగతా ఇండ్లకు పోనేలేదు. పోకుంటనే అంత బాగున్నదని రాసిండు.”

“పంతొమ్మిది దొడ్లు చూసినోడు ఒక్క గొర్రన్న కుంటుతున్నదని రాయడా?” అఖిల ఉండబట్టలేక అన్నది.

“గదే బిడ్డా. ఇరవై మాటల్ల నిజం ఒక్కటే. ఆ ఒక్క నిజమే పోయి సోమక్క మెడకు సుట్టుకున్నది.”

“నలబై నాలుగు డిగ్రీల ఎండ మేడం...” అన్నడు విజేందర్.

శైలజ నోటీసును అడ్డంగ చింపింది. సోమమ్మ పేరును రెండో విడతల తన చేత్తోనే రాసి, తనిఖీ మొత్తం విజేందరే మళ్ల చెయ్యాలె అన్నది.

సోమమ్మ కొంగు నడుముకు దోపింది.

“పొద్దు పొడువకముందే రా కొడుకా. గొర్లు మేతకు పోయినంక వస్తే మళ్ల ఖాళీ అని రాస్తవ్. ఇరవై ఇండ్లు నేనే తిప్పుత.”