మూడో నంబరు కంప్యూటర్‌కి ఏమైంది?

వాన ఇంకా తగ్గలేదు. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో పట్టాభి నడిపే నెట్ సెంటర్‌లోకి ఒకమ్మాయి గొడుగు మూయకుండానే దూసుకొచ్చింది. పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి, ఇక్కడి కంప్యూటర్ల వల్లే దానికి వైరస్ పట్టిందనీ, ఆఫీసులో తన పరువు పోయిందనీ బెంగాలీలో గడగడా కడిగేసింది. తర్వాత గొంతు తగ్గించి, తెలుగులో తనలో తాను గొణుక్కుంది.

"మొకం సూస్తే బుద్ధిమంతుడిలాగున్నాడు. బుర్రనిండా మట్టి."

"మట్టే గానీ, వానకి బురదైపోనాదండీ," అన్నాడు పట్టాభి.

ఆ అమ్మాయి బుగ్గలు ఎర్రబడ్డాయి. గొడుగు అప్పుడు మూసింది.

ఆమె పేరు జగ్గమ్మ, ఓడల డాక్‌లో పనిచేసే గవరయ్య కూతురు. సాల్ట్ లేక్‌లో ఆమె ఉద్యోగం చేసే కంప్యూటర్ ఆఫీసులో మాత్రం అందరికీ జగ్గీ. కోపం చల్లారాక తనే ఉపాయం చెప్పింది: విండోస్ తీసేసి లినక్స్ వేసుకుంటే ఈ వైరస్‌ల బెడద చాలావరకు వదులుతుందని.

పట్టాభి వెంటనే ఒప్పుకోలేదు. డాక్‌లో పని వద్దని, మేనమామతో దెబ్బలాడి మరీ పెట్టిన సెంటర్ ఇది. అలవాటైన స్టార్ట్ బటన్ కనబడక కాలేజీ పిల్లలు ఎదురు షాపుకి పోతే, మేనమామ ముందు తలెత్తుకోవడం ఎలా? చివరికి నాలుగింటిలో మూడో నంబరు కంప్యూటర్‌కి మాత్రం వేసి, నెల్లాళ్ళు చూద్దామని ఒప్పందం కుదిరింది.

పిల్లలు మొదట కాస్త సణిగారు. తర్వాత మూడో నంబరే కావాలని పోట్లాడుకోసాగారు. పట్టాభికీ అది భలే నచ్చేసింది. కానీ ఆ మాట చెప్పేస్తే, ఒక్కపూటలో మిగతా వాటికీ వేసేసి జగ్గమ్మ వెళ్ళిపోతుంది. ఇంకెందుకొస్తుంది?

అందుకని మూడో నంబరుకి రోజుకో జబ్బు తెప్పించాడు. ఒకరోజు సౌండ్ రాదు. ఒకరోజు ప్రింట్ రాదు. ఆఫీసు బస్సు దిగి ఆమె నేరుగా ఇక్కడికే వచ్చేది. తడిసిన జడ వెనక్కి విసిరి కీబోర్డు ముందు కూర్చుంటే, పట్టాభి మట్టి ముంతలో టీ అందించి, స్క్రీన్ వదిలేసి ఆమె కనుబొమల కేసి చూస్తుండేవాడు.

ఇంతలో గవరయ్య పలాసకి రైలు టికెట్ కోసం సెంటర్‌కి వచ్చాడు. వేరే కంప్యూటర్ ఖాళీ లేక, పట్టాభి మూడో నంబరులోనే టికెట్ తీసి, చక్కగా ప్రింట్ చేసి ఇచ్చాడు. ఆయన ఇంటికెళ్ళి ఆ కుర్రాణ్ణీ, ఆ మిషన్నీ తెగ పొగిడాడు.

మర్నాడు జగ్గమ్మ వచ్చి, కూర్చోకుండా నిలబడింది.

"ఈయేల ఏటి రోగం?"

"ప్రింట్ రావట్లేదు."

"మా నాన్న టికెట్ ఎవులు ప్రింట్ సేసినారు?"

ఆమె బ్యాగులోంచి ఒక సీడీ తీసింది. "ఇది నీకు పడ్డం లేదు. పాతదే ఏసేస్తాను. రేపట్నించి నాను రానక్కర్లేదు."

ఆమె ట్రే తెరవబోతే పట్టాభి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒద్దు. మిషన్ బాగానే ఉంది. నాకే బాగులేదు."

"నీకేటైంది?"

"నువ్వు రాకపోతే సాయంత్రం అవ్వట్లేదు, జగ్గీ."

జగ్గమ్మ సీడీ అతని చేతిలో పెట్టింది. దాని మీద లినక్స్ అని రాసి ఉంది. "మిగతా మూడింటికీ ఏద్దామని తెచ్చినాను," అంది నవ్వాపుకుంటూ. "ఆదివారం మా ఇంటికి రా. మా నాన్నకి ఉన్నమాట సెప్పు."

ఆదివారం వెళ్ళి, పట్టాభి చెమటలు కక్కుతూ ఉన్నదంతా చెప్పేశాడు. గవరయ్య ఆసాంతం విని, తాపీగా ఒక్కటే అడిగాడు. "పెళ్ళైనాక కూడా ఇలగే లేనిపోని రోగాలు సెప్తావేటి, బాబూ?"

తలుపు వెనకనుంచి జగ్గమ్మ గొంతు వినబడింది.

"సెప్పనీ నాన్నా. నాను బాగుసేసుకుంటాను."