చివరి క్వార్టర్‌లో హాజరు

సాయంత్రం ఆరు దాటింది. తుంపర ఆగీ ఆగకుండా పడుతోంది. ఆకు కదలడం లేదు. ఒళ్ళంతా జిడ్డుగా ఉక్క.

మూతపడ్డ ప్లైవుడ్ ఫ్యాక్టరీ వెనక క్వార్టర్ల వరస ఉంది. అందులో చివరి ఇంటి వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. మిగతా ఇళ్ళలో కిటికీ చువ్వలు కూడా పీక్కుపోయిన దొంగలు ఆ ఇంట్లో ఒక్క మేకు ముట్టుకోలేదట.

"అంత భయమేంటయ్యా?" గేటు దగ్గర అద్దె కారు దిగి ఆయన వాచ్‌మన్‌ని అడిగాడు.

వాచ్‌మన్ గొంతు తగ్గించాడు. "దీపాలు పెట్టే వేళకి లోపల ఎవరో చప్పట కొడతారు సార్. ఒక్కటే. కాసేపాగి... మళ్ళీ ఒక్కటి. ఎవరో పిలుస్తుంటే పలుకుతున్నట్టు."

ఆయన పకపకా నవ్వాడు. పెద్దాడు అందుకున్నాడు. "నాన్నా, మనం ఇల్లు ఖాళీ చేసి పోయినా మన హాజరు ఇంకా ఎవరో వేయించుకుంటున్నారు!"

వాళ్ళమ్మ నవ్వలేదు. వెనక్కి తిరిగి కారులోకి చూసింది. చిన్నది సీటు మీద ముడుచుకుని నిద్రపోతోంది.

ఆ ఇంట్లో వాళ్ళు పదేళ్ళు ఉన్నారు. ఆయన బాయిలర్ దగ్గర ఫోర్‌మన్. రోజూ సాయంత్రం రెండో షిఫ్టు సైరన్ మోగగానే పెద్ద యంత్రాలు తిరిగేవి, క్వార్టర్లలో కరెంటు పోయేది. పెరట్లో నీళ్ళ సంపు. దాని మూత ఎప్పుడో పుచ్చిపోయింది. చీకట్లో పిల్లాడు అటు వెళ్తాడేమోనని ఆమెకి ప్రాణం గిలగిల్లాడేది. ఆ యంత్రాల హోరులో పిలిస్తే వినపడి చావదు. అందుకని ఒక అలవాటు పెట్టింది. "ఉన్నారా?" అని గట్టిగా ఒక్క కేక. ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడి ఒక్క చప్పట కొట్టాలి. అదే వాళ్ళింటి హాజరు.

ఆయన చప్పట చెక్క విరిగినట్టు ఉండేది. పెద్దాడిది టపీమని. అందరికంటే ఆఖర్న, తీరిగ్గా, అత్తగారు కొట్టేది. ఆ వెనకే ఆవిడ బక్కచేతి మీద ఒంటి గాజు జారేది.

"ఎక్కడికి పోతానే, ముసలిదాన్ని!" అని విసుక్కునేది కానీ ఒక్కరోజు కూడా మానలేదు.

చిన్నది పుట్టాక ఆవిడ దాన్ని ఒళ్ళోంచి దించలేదు. "పెద్దాడు మీవాడు. ఇది మాత్రం నాది. అడక్కండి" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. చిన్నదానికి సరిగా నడక రాకముందే ఆవిడ వెనక గదిలో పోయింది. నెల తిరక్కుండా ఫ్యాక్టరీ మూశారు. సామాను లారీకెక్కించి ఎక్కడో దూరాన ఓ చలి ప్రాంతపు ఊరికి పోయారు.

మళ్ళీ ఇన్నేళ్ళకి, ఇప్పుడు ఏడాది చివరి సెలవులకి మూడు రోజులు వచ్చారు. సెలవులయ్యాక ఇళ్ళన్నీ కూల్చేస్తారట. "ఒక్కసారి చూసి వచ్చేద్దాం" అన్నాడు ఆయన.

వాచ్‌మన్ తన గదిలోంచి పొడుగాటి వైరు లాగి, బల్బు చేతికిచ్చాడు. తను మాత్రం గేటు దాటలేదు.

నిద్ర లేచిన చిన్నదాన్ని కూడా తీసుకుని లోపలికి వెళ్ళారు. గోడలకి బూజు, చెమ్మ. నేల మీద కప్ప ఒకటి గెంతింది. చిన్నది కిచకిచా నవ్వి దాని వెంట పడింది.

"పెరటి వైపు వెళ్ళకు" అందామె.

"వెళ్ళన్లే అమ్మా."

వాన ఒక్కసారిగా పెరిగింది. బల్బు రెండుసార్లు మిణుకుమంది...

పోయింది.

కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనపడని చీకటి. ఆయన ఫోను కారులో ఛార్జింగ్‌లో ఉంది, ఆమెది అక్కడే బ్యాగులో. పెద్దాడి ఫోను పొద్దుట్నుంచీ వీడియోలు తీసి తీసి చచ్చిపోయింది.

ఆమె ఆలోచించలేదు. నోటికి అలవాటైన కేక అదే వచ్చేసింది.

"ఉన్నారా?"

చెక్క విరిగినట్టు ఒకటి. టపీమని ఒకటి. తర్వాత... కాస్త ఆలస్యంగా... ఇంకొకటి.

అమ్మయ్య.

"పదండి, కారెక్కండి" అంది. తడుముకుంటూ, తడుస్తూ అందరూ పరిగెత్తారు. వెనకే ఆమె తలుపు లాగింది.

కారు డోరు తెరవగానే లోపల చిన్న దీపం వెలిగింది.

"చిన్నదేదీ?" అన్నాడు ఆయన.

"మీ ముందు లేదా?"

"నీ చెయ్యి పట్టుకుందనుకున్నాను!"

"చప్పట కొట్టింది కదా..." అంటూనే ఆమె ఆగిపోయింది.

పెద్దాడి మొహం తెల్లబోయింది. "అమ్మా... దానికి ఈ హాజరు సంగతేం తెలుసు? ఎవరం చెప్పాం?"

అప్పుడు ఆమెకి గుర్తొచ్చింది. ఆ మూడో చప్పట వెనక సన్నగా వినిపించిన చప్పుడు. బక్కచేతి మీద ఒంటి గాజు జారిన చప్పుడు. చిన్నది గాజులు వేసుకోదు.

ఆమె ఎలా పరిగెత్తిందో తెలియదు. వెనక ఆయన వాచ్‌మన్ చేతిలో టార్చి లాక్కుని వచ్చాడు. ముందు గది, వంటగది, వెనక గది. ఎవరూ లేరు. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది.

సంపు అంచున, జానెడు దూరంలో, వానలో నిలబడి ఉంది చిన్నది. మూత సగం విరిగి నీళ్ళలో తేలుతోంది. పిల్ల ఏడవడం లేదు. కుడి చెయ్యి మాత్రం పైకెత్తి ఉంది... ఎవరో పెద్దవాళ్ళు పట్టుకున్నట్టు.

ఆమె ఒక్క ఉదుటున వెళ్ళి పిల్లని పొదివి పట్టుకుంది.

"ఎంతసేపమ్మా!" చిన్నది విసుక్కుంది. "చెయ్యి పట్టుకుని, కదలకు, ఇక్కడే ఉండు అన్నావు. మళ్ళీ ఇంట్లోంచి వచ్చావేంటి?"

ఆయన టార్చి తిప్పి పెరడంతా వెతికాడు.

దారంతా ఆయన ఒకటే మాట. "మా అమ్మే... పడిపోకుండా ఆపింది. మా అమ్మే కాపాడింది."

ఆమె పిల్ల మణికట్టు చూస్తూ కూర్చుంది. అది ఎంత తుడిచినా చల్లగానే ఉంది.

కాపాడాలనుకున్న మనిషి పిల్ల బదులు చప్పట ఎందుకు కొట్టింది? అందరూ ఉన్నారని నమ్మించి తమని ఎందుకు పంపేసింది?

ఆ మాట ఆయనతో అనలేదు. ఎవరితోనూ అనలేదు. మర్నాడే, సెలవు ఇంకా మిగిలుండగానే, బయల్దేరదీసింది. రైల్లో పెద్దాడు, చిన్నదానికి భయం పోవాలని, హాజరు ఆట నేర్పాడు. అది దారి పొడుగునా టపటపా కొడుతూనే ఉంది.

ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. ఆమె తాళం తీసింది. లోపల చీకటి. అందరూ వెనకే వచ్చి బ్యాగులు దించారు. స్విచ్ మీద చెయ్యి పెట్టింది. కానీ నొక్కలేకపోయింది. ముందు తేల్చుకోవాలి.

"ఉన్నారా?" మెల్లిగా అంది.

చెక్క విరిగినట్టు ఒకటి. ఆయన వచ్చాడు.

టపీమని ఒకటి. పెద్దాడు వచ్చాడు.

చిన్న చేతులతో, ముద్దుగా, నవ్వుతూ ఒకటి. చిన్నది వచ్చింది.

ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. స్విచ్ నొక్కబోయింది...

అందరికంటే ఆఖర్న, తీరిగ్గా, ఇంకొకటి. ఆ వెనకే గాజు జారిన చప్పుడు.

ఈసారి వెనక ఎవరూ మిగిలిపోలేదు.