గాలిదారి మూసిన గోడ

అరబ్బు దేశంలో, షర్ఖ్ అనే పేటలో సముద్రం వైపు, గోడకి గోడ ఆనుకుని ఒక వరుస పాత ఇళ్ళుండేవి. అందులో మూడో ఇల్లు మంచిది కాదని పేరు. పొద్దుగూకితే టాక్సీవాళ్ళు సందు మొదట్లోనే దించేసి, "ఖలాస్, నడిచి పో" అనేవారు.

ఎనభై మూడులో కఫీల్ — పనివాళ్ళకి వీసా ఇచ్చిన అరబ్బు యజమాని — ఆ ఇంటిని బాగుచేయించాడు. జాబ్రియా పేటలో తనకి మేడ ఉన్నా, వాళ్ళమ్మకి పుట్టిన ఇంట్లోనే కన్నుమూయాలని కోరిక. పని కోనసీమ తాపీమేస్త్రి కుక్కుటేశ్వరరావుకి అప్పజెప్పాడు. చేతికింద మేస్త్రి బావమరిది అచ్చిబాబు.

మేస్త్రి నిక్కచ్చి మనిషి. కొలత తప్పడు, మాట తప్పడు. అయినా పుట్టి పెరిగిన అలవాటు ఎక్కడికి పోతుంది? పాత ఇంటిమీద చెయ్యి వేసేముందు దిష్టికి బూడిదగుమ్మడికాయ కట్టాలి. వాకిట్లో కడితే చేతబడి అంటారు, జైల్లో వేస్తారు. అందుకని గోడ లోపలి గాలిదారిలో కట్టాడు — డాబా మీది గాలిని గదిలోకి దించే పాతకాలపు గొట్టం అది. కాయకి పసుపు కుంకుమ దట్టంగా పూసి, బొగ్గుతో కోరల మొహం గీశాడు. ఎడమ కన్ను కాస్త పెద్దది. వాళ్ళ నాన్న అలాగే గీసేవాడు.

మూడు నెలలకి ఏసీ వచ్చింది. గాలిదారితో ఇక పని లేదు. కింద ఇటుకతో మూసెయ్యాలి.

"కాయ తీసెయ్యమన్నాను, తీశావట్రా అచ్చిబాబూ?"

"ఆయ్, తీసి సముద్రంలో పారేశాను బావా. వెనక్కి కూడా చూళ్ళేదు."

ఆ మాట మీద మేస్త్రి గోడ కట్టేశాడు. తెల్లగా పూత వేశాడు.

కఫీల్ తల్లి, పెద్దామె, ఆ ఇంట్లోకి వచ్చింది. ఆమెకి తోడు పనిమనిషి, కడప గురమ్మ. మూడో రాత్రి గాలి లేచింది...

దబ్... దబ్...

గోడ లోపల — ఎవరో తల బాదుకుంటున్నట్టు!

గాలి లేచిన ప్రతి రాత్రీ అదే చప్పుడు. పదో రోజుకి ఆ గోడ మీద, ఏసీ కింద, ఎర్రటి చెమ్మ. తుడిచారు. మళ్ళీ ఊరింది. దానికి తోడు ఒక వాసన...

"ఇది వచ్చాకే గోడ నెత్తురు కక్కుతోంది," అన్నాడు కఫీల్, గురమ్మని చూపించి. "రేపు పొద్దున విమానం ఎక్కిస్తా."

గురమ్మ మేస్త్రి దగ్గరకి వచ్చి గొంతు తగ్గించింది. "నేనేం జేసినానన్నా? ఇంటికాడ నన్ను గట్టుకున్న ఆయప్ప కాలిరిగి మంచంలో ఉండాడు. నేను ఎనక్కి పోతే పొయ్యి ఎలగదు. నువ్వన్నా ఒక మాట జెప్పన్నా!"

మేస్త్రికి నిద్ర పట్టలేదు. అది తన గోడ. అర్ధరాత్రి లేచి, ఉలి, సుత్తి, టార్చి తీసుకుని ఆ గోడ దగ్గరకి వెళ్ళాడు.

"వద్దు బావా... ముట్టుకోకు," వెంట వచ్చిన అచ్చిబాబు చెయ్యి పట్టుకున్నాడు.

"నీకెందుకురా అంత భయం?"

అచ్చిబాబు చెయ్యి వదిలి వెనక్కి జరిగాడు.

ఉలి దించాడు. దబ్ — లోపలి నుంచి బదులు దెబ్బ! ఒక ఇటుక ఊడింది. ఇంకొకటి... కుళ్ళు కంపు గుప్పుమంది. టార్చి వేశాడు.

కోరలు... ఎర్రటి చెంపలు... కాస్త పెద్దదైన ఎడమ కన్ను.

తాడుకి ఊగుతూ, కుళ్ళి కారుతూ, తన చేత్తో గీసిన మొహమే తనని చూస్తోంది.

"దిష్టి లాగిన కాయ కదా బావా..." వెనక నుంచి గుసగుస. "ముట్టుకోడానికి భయమేసింది..."

పొద్దున్నే గురమ్మ ప్రయాణమని కఫీల్ ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు. చప్పుడుకి లేచి వచ్చాడు, వెనకే గురమ్మ. కాయని చూసి, "సిహర్!" అని అరిచాడు. చేతబడి! అతని వేలు గురమ్మ మీదికే పోయింది. "విమానం లేదు, ఏమీ లేదు. పోలీసు!"

గురమ్మ మేస్త్రి వైపు తిరిగింది.

నోరు మూసుకుంటే మేస్త్రికి ఇంకో రెండేళ్ళ ఇఖామా, అక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి ఉంది. తెరిస్తే ఏమవుతుందో అతనికి తెలుసు.

"కట్టింది నేను. గీసింది నేను."

"అబద్ధం! మీ దేశపు మనిషని వెనకేసుకొస్తున్నావు."

మేస్త్రి కాఫీ కుంపటిలోంచి ఆరిన బొగ్గు తీసుకుని, తాను పూసిన తెల్లగోడ మీద గీశాడు. మొహం. కోరలు. చివరికి — పెద్ద ఎడమ కన్ను.

కఫీల్ కాయని చూశాడు. గోడని చూశాడు. గురమ్మ మీదికి చాచిన వేలు దించాడు.

కాయ తియ్యలేదన్న సంగతి అచ్చిబాబు బయటపెట్టలేదు. అతని పేరు మేస్త్రి ఎత్తనేలేదు. పోలీసులు వద్దని పెద్దామె అడ్డుపడింది. గురమ్మ ఎక్కాల్సిన విమానం మేస్త్రి ఎక్కాడు. గురమ్మ ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

గోడకి ఆ తరవాత నాలుగు పూతలు పడ్డాయి. తేమగాలి వీచిన రాత్రి ఆ మొహం మళ్ళీ తేలుతుందట... ముందు ఎడమ కన్ను.

"బొగ్గు కదండీ, తేలుద్ది," అంటాడు అచ్చిబాబు. ఇప్పుడు ఆ ఇంటి మేస్త్రి అతనే.

ఆ గోడకి పూత వేసేటప్పుడు మాత్రం — కళ్ళు మూసుకుంటాడు.