కింద కూర్చునే కీలు

నేను తెచ్చిన స్టీలు తుంటికీలును వేదవతి తిరస్కరించడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ వర్షం పడింది. మూడోసారీ పడింది. తార్నాక మీది మబ్బులు కూడా ఆమె సంతకం కోసమే కాచుకుని ఉన్నాయని నాకు గట్టి నమ్మకం.

నా పేరు కొమురెల్లి. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, పందొమ్మిది వందల అరవై ఎనిమిది బ్యాచ్. మా అవ్వ లచ్చవ్వ తుంటి అరిగిపోయి ఏడాదిగా మంచం దిగలేదు. విదేశీ కీలు మన ఎముకకు పెద్దదని మా ప్రొఫెసరూ నేనూ దాన్ని పొట్టిగా మార్చాం. యూనివర్సిటీ పరిశీలన సంఘం అనుమతిస్తేగానీ కత్తి పట్టనన్నాడు డాక్టరు. ఆ సంఘంలో పరీక్షలు చేసేది ఎమ్మెస్సీ వేదవతి. ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని చూస్తే క్యాంపస్‌లో రాతిస్తంభాలు కూడా తప్పు ఒప్పుకుంటాయి.

“గిప్పుడేమైంది మేడం? మెషీన్‌ల పెట్టి లక్షసార్లు నడిపించిన. నాకన్న ఎక్కువ నడిచింది గది.”

“నడిచిందండీ. మెట్లెక్కింది. కుర్చీలో కూర్చుంది. నేలమీద కూర్చోలేదు.”

“పుస్తకంల గా పరీక్ష లేదు.”

“పుస్తకం రాసినవాళ్ళు నేలమీద కూర్చోరు. మీ ఇంట్లో కుర్చీలెన్ని?”

“ఒకటి.”

“అందులో ఎవరు కూర్చుంటారు?”

“రేడియో.”

ఆమె నవ్వలేదు. ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుందంతే. నాకు ఆ ఫైలు మీద అసూయ పుట్టింది.

ఆదివారం పెద్ద ప్రొట్రాక్టరు పట్టుకుని సీతాఫల్‌మండిలో మా ఇంటికి వచ్చింది. మా అమ్మ కింద కూర్చుని బియ్యం ఏరుతుంటే తొడకీ నడుముకీ మధ్య కోణం కొలిచింది. అమ్మ గంటసేపు ఊపిరి కూడా కొలతకు తగ్గట్టే పీల్చింది.

మంచం మీంచి అవ్వ అడిగింది: “బిడ్డా, నేను మల్ల పొయ్యికాడ కూసుంటనా?”

“కూర్చుంటారు మామ్మగారూ. అందుకే ఆలస్యం చేస్తున్నా.”

సోమవారం కీలును ఆ కోణంలో మెషీన్‌కి బిగించాం. పదో వంపుకే కీలు మెడ, బంతి తిరిగే గిన్నె అంచుకు తగిలింది. స్టీలు బంతి టప్పున ఊడి బల్ల కిందికి దొర్లింది.

అది అవ్వ ఒంట్లో ఊడేది. బల్ల కింద దూరి బంతిని వెతికి తెచ్చాను.

“మిమ్మల్ని మస్తు తిట్టుకున్న మేడం,” అన్నాను.

“తెలుసు. కారిడార్లోకి వినబడేది.”

కీలు మెడ సన్నం చేశాం. గిన్నె అంచు చెక్కాం. మళ్ళీ లక్షసార్లు వంచాం. ఇరవై రోజులు ఇద్దరం మెషీన్ పక్కనే. మనసులో మాట చెప్పబోయిన ప్రతిసారీ ధైర్యం చాలక మెషీన్‌కి నూనె వేశాను. ఆసియాఖండంలో అంత నూనె తాగిన యంత్రం లేదు.

ఇరవై ఒకటో రోజు ఆమె సంతకం పెట్టింది. వారంలో ఆపరేషన్ అయింది.

నాలుగు నెలల తర్వాత ఓ సాయంత్రం ఇంటికి వస్తే అవ్వ మంచం ఖాళీ.

“అవ్వ ఏదే?”

“తార్నాకల మీ మేడమోళ్ళింటికి పోయింది,” అంది అమ్మ.

“ఎట్ల?”

“నడుసుకుంట.”

పరుగెత్తాను. వేదవతి వాళ్ళింట్లో అవ్వ చాపమీద దర్జాగా కూర్చుని ఉంది. ఎదురుగా వేదవతి నాన్న వెంకటసుబ్బారావుగారు. పెద్దావిడ కింద కూర్చుందని ఆయనా కుర్చీ వదిలేశారు.

“నువ్వు ముసలోనివైనంక అడుగుతవని, నేనే పిల్లను అడగనీకి వచ్చిన,” అంది అవ్వ.

నేనూ అవ్వ పక్కన చాపమీద చతికిలబడ్డాను. “మరి... వాళ్ళేమన్నరు?”

వెంకటసుబ్బారావుగారు నవ్వారు. “నాదేముంది బాబూ, అమ్మాయి ఇష్టం.”

తలుపు దగ్గర వేదవతి చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. “మామ్మగారు అడిగారు, సరేనన్నాను. మీరే ఆలస్యంగా వచ్చారు.”

అవ్వ లేవబోతుంటే చెయ్యి అందించాను. పట్టుకోలేదు. తనంత తానే లేచి నిలబడి, నా చేతిని తీసుకెళ్ళి వేదవతి చేతిలో పెట్టింది.