వరుసగా చల్లిన సముద్రం

"ఏవండీ, ఈ చెరువు మీదేనా?"

గట్టు మీద స్కూటర్ ఆపి అడిగిన అమ్మాయి ముఖం ఎండకు కందిపోయి ఉంది. నీళ్లు తోడేసి ఎండబెట్టిన చెరువులో ఒక్కడే నిలబడి ఉన్న తాహిర్ తలెత్తి చూశాడు.

"నాదేనండి. ఏం కావాలి?"

"నా సముద్రం కావాలి."

తాహిర్ పెదపాడు హైస్కూల్లో సైన్సు మాస్టారు. పిల్లల నోట చాలా వింతలు విన్నాడు గానీ, మండవల్లి చెరువు గట్టున సముద్రాన్ని అడిగిన మనిషిని చూడటం ఇదే మొదలు.

"తాడేపల్లిగూడెంలో పాపారావు గారి లారీ ఆఫీసు నుంచి నిన్న మీకు అయిదు బస్తాలు వచ్చాయా?"

"వచ్చాయి. సున్నం బస్తాలు."

"అవి సున్నం కాదండీ! మీ సున్నం ఏలూరులో మా ఇంటికి చేరింది. మా నాన్న దాన్ని తివాచీ మగ్గం పక్కన పెట్టించి, ఈ రాళ్లపొడిని ఇంట్లోంచి ఎప్పుడు తీస్తావని పొద్దున్నుంచి అడుగుతున్నారు. నావి ఎక్కడ?"

తాహిర్ చేయి చెరువు నేల వైపు చూపింది. "సున్నమనుకుని చల్లేశానండి."

ఆమె గట్టు మీద కూలబడింది.

"కాస్త బూడిద రంగుగా ఉంటే నాసిరకం సున్నం అనుకున్నాను" అన్నాడు నెమ్మదిగా.

"నాసిరకమా? ఆరు కోట్ల ఏళ్లు దాటిన మట్టి అది!"

"పాతదేనన్నమాట."

ఆమె చూసిన చూపుకి తాహిర్ మిగతా మాటలు మింగేశాడు. తర్వాత తగ్గిన గొంతుతో అడిగాడు. "సున్నం బస్తాల్లో ఎందుకు పోశారండీ?"

"క్వారీ వాళ్లు ఇచ్చిన ఖాళీ బస్తాలు అవేనండీ. సరే, సగం తప్పు నాదే."

ఆమె పేరు సఫియా. యూనివర్సిటీలో రిసెర్చి చేస్తోంది. గౌరీపట్నం దగ్గరి క్వారీలో, రెండు నల్లరాతి పొరల మధ్య ఉన్న సముద్రపు మట్టిని కింది నుంచి పైకి అయిదు పొరలుగా తవ్వి తెచ్చుకుంది. డైనోసార్లతో పాటు సముద్రంలోనూ మూడొంతుల జీవజాతులు తుడిచిపెట్టుకుపోయాక, మళ్లీ ఏవి ముందు పుట్టాయో, ఏవి తర్వాత వచ్చాయో ఆ పొరలే చెప్పాలి. ఆ గోడను మొన్ననే పేల్చేశారు. ఇంకోసారి తెచ్చుకోవడానికి అక్కడేమీ లేదు. పదిహేను రోజుల్లో విశాఖపట్నంలో పెద్ద ప్రొఫెసర్ల ముందు దీని గురించి మాట్లాడాలి.

"మట్టి పోయినా బాధ లేదు మాస్టారూ. వరుస పోయింది. వరుస లేకపోతే అది వట్టి మట్టే."

తాహిర్ ముఖం తేటపడింది.

"వరుస పోలేదండి. చూడండి, నేను ఒక్కో బస్తాని ఒక్కో పట్టీగా చల్లుతాను. ఖాళీ బస్తాని పట్టీ చివర ఇటుక కింద పెడతాను. మా నాన్న పద్ధతి. ఎక్కడ ఎంత పడిందో తెలియాలనేవారు."

సఫియా చెప్పులు వదిలేసి చెరువులోకి పరుగెత్తింది. మొదటి ఇటుక ఎత్తింది. బస్తా మీద నల్ల సిరాతో ఆమె రాసుకున్న ఒకటి. తర్వాతి దాని కింద రెండు. అయిదూ ఉన్నాయి.

"మీ నాన్నగారు ఎక్కడున్నారు? కాళ్లకు దణ్ణం పెడతాను."

"లేరండి. ఏడు నెలలయింది."

ఆమె ఇటుకను పడేయకుండా, రెండు చేతులతో నెమ్మదిగా కింద పెట్టింది.

కొల్లేటి వైపు నుంచి మబ్బు లేచింది. వాన పడితే అయిదు పట్టీలూ ఒక్కటే బురద. ఇద్దరూ తాపీలు పట్టుకుని గీకడం మొదలుపెట్టారు. ఏ పట్టీ మట్టి ఆ బస్తాలోకే. నాలుగు బస్తాలు షెడ్డుకు చేరాయి. అయిదో పట్టీ సగంలో ఉండగా మొదటి చినుకు తాహిర్ మెడ మీద పడింది.

అతను టార్పాలిన్ లాక్కొచ్చి పట్టీ మీద పరిచాడు. గాలికి అది లేచింది. సఫియా ఒక అంచు మీద కూర్చుంది. అతను రెండో అంచు మీద కూర్చున్నాడు. ఎవరు లేచినా టార్పాలిన్ లేస్తుంది.

వాన దంచింది.

"జలుబు చేస్తుందండి. షెడ్డులోకి వెళ్లండి" అని అరిచాడు.

"మీరు వెళ్లండి. సముద్రం నాది!"

"చెరువు నాది!"

ఆమె నవ్వింది. తడిసిన జుట్టు ముఖానికి అతుక్కుపోయిన ఆ నవ్వును చూడకూడదనుకుని, తాహిర్ తన బొటనవేలి వైపు చూశాడు. తర్వాత మళ్లీ అటే చూశాడు.

"చెరువు ఎందుకు ఎండగట్టారు?" అని అడిగింది.

"నాన్న పోయాక అయిదో నెల. మూడు రోజులు మబ్బు పట్టింది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది. తెల్లారేసరికి చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచాయి. మధ్యాహ్నానికి ఒక్కటీ బతకలేదు. ఆయన పాతికేళ్లు నిలబెట్టినదాన్ని నేను అయిదు నెలల్లో పోగొట్టాను. మళ్లీ చేపపిల్ల వేయాలంటే చేయి రావడం లేదండి."

"సముద్రాలు కూడా అలా ఊపిరాడక చచ్చిపోయిన కాలాలున్నాయి మాస్టారూ. ఇంతకంటే పెద్ద ఎత్తున."

"తర్వాత?"

"తర్వాత ముందుగా వచ్చినవి గసగసాల గింజలో పదో వంతు కూడా ఉండవు. మట్టిని కడిగితే అవే కనిపిస్తాయి. పెద్దవి రావడానికి లక్షల ఏళ్లు పట్టింది. మేం దీన్ని రికవరీ అంటాం."

"మేం నీళ్లు రంగు తిరిగాయంటాం. ముందు పచ్చగా మారాలి. తర్వాత కంటికి ఆనని పురుగులు. ఆ తర్వాతే చేపపిల్ల. తొందరపడితే నిలవదు."

"అది నా థీసిస్ అండీ" అంది సఫియా ఆశ్చర్యంగా. "మూడేళ్లు పట్టింది నాకు."

"మా నాన్న ఏడో తరగతి."

వాన వెలిశాక అయిదో బస్తా కూడా నిండింది. ఆ తర్వాతి పది సాయంత్రాలు తాహిర్ బడి అవగానే ఏలూరులో సఫియా ఇంటికి వెళ్లాడు. సున్నం తెచ్చుకోవడానికే అని అమ్మకు చెప్పాడు. సున్నం మాత్రం అక్కడే ఉంది. మట్టిని కడగడం, వడగట్టడం, మైక్రోస్కోపు కింద ఏరడం. చెరువులోని మంచినీటి నత్త ముక్కలు ఒక పక్కకి, సముద్రపు గుల్లలు ఒక పక్కకి. మొదటి బస్తాలో అన్నీ మరీ చిన్నవి, రెండు మూడు రకాలే. అయిదో బస్తాకు వచ్చేసరికి రకాలు పెరిగాయి, గుల్లలూ పెద్దవయ్యాయి.

సఫియా నాన్న, తివాచీలు నేసే నాగూర్ గారు ఒకసారి మైక్రోస్కోపులోకి వంగి చాలాసేపు లేవలేదు.

"మన గోదావరి మట్టిలోదేనా ఇది? ఇంత సన్నపు పని నా చేతికి రాదమ్మా" అన్నారు.

విశాఖపట్నంలో తాహిర్ చివరి వరుసలో కూర్చున్నాడు. చెరువులో చల్లేసిన మట్టిని ఎలా నమ్మమంటారని ఒక ప్రొఫెసర్ అడిగారు. సఫియా దాచలేదు. చల్లిన సంగతి, ఏరిన పద్ధతి, పట్టీ వారీగా లెక్క అన్నీ చూపించింది.

"ఈ వరుస నిలవడానికి కారణం మండవల్లి చేపల రైతు షేక్ మస్తాన్ గారు. ఇప్పుడు లేరు. పని చేసిన చోట గుర్తు పెట్టడం ఆయన తన కొడుక్కి నేర్పారు. ఆ గుర్తుల వల్లే నేను ఇక్కడ నిలబడ్డాను."

ప్రొఫెసర్ కళ్లజోడు తీసి, "ఇది అచ్చు వేయండమ్మా" అన్నారు.

బయట మెట్ల మీద తాహిర్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సఫియా కాస్త దూరంలో ఆగింది. తొందరపెట్టలేదు.

"వచ్చే వారం చేపపిల్ల వేస్తున్నాను" అన్నాడు చివరికి. "నీళ్లు రంగు తిరిగాయి. మీరు వస్తారా?"

"ఒక్కరోజుకేనా?"

"రోజూ రమ్మనే అడుగుతున్నానండి."

సఫియా మెట్టు దిగి అతని పక్కన నిలబడింది. "అయితే మా నాన్నతో మాట్లాడండి మాస్టారూ. వణక్కుండా మాట్లాడండి."

అతను వణుకుతూనే మాట్లాడాడు. నాగూర్ గారు మగ్గం మీంచి తల తిప్పకుండా విన్నారు.

"ఆదివారం మీ అమ్మగారిని తీసుకురండి బాబూ."

"ఆదివారం దాకా ఎందుకు నాన్నా? శుక్రవారం రమ్మనండి" అని లోపలి గదిలోంచి వినిపించింది.

తాహిర్ వీధిలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, విశాఖపట్నంలో అంతమంది ముందు నాన్న పేరు చెప్పారు. షేక్ మస్తాన్ గారు అని, పూర్తిగా. ఆ చెప్పినమ్మాయి ఇంటికి మనం శుక్రవారం వెళ్తున్నాం."

అటువైపు బీరువా తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది.

"ఏ చీర కట్టుకోనురా?" అంది అమ్మ.