పద్దెనిమిది అడిగితే ఇరవై ఎనిమిది

“పొగమంచులో పడవ వస్తుంది. దాన్ని రేవుకి తేవాలి. రేడియో వాడకూడదు, శత్రువులు వింటున్నారు. లైటు ఒక్కటే దారి.”

చీఫ్ బ్రీఫింగ్ అంతే. ఆ పడవలో వస్తున్నది విదేశీ ముఠా మైక్రోఫిల్మ్ కొట్టుకొస్తున్న కుర్ర ఏజెంట్. ఏజెంట్ గద్దకి అతను స్వయానా బావమరిది. తమ్ముడు లేకుండా వస్తే గుమ్మం దాటనివ్వనని భార్య ముందే చెప్పేసింది. ముఠా కూడా దొంగ లైటు పెట్టొచ్చు. అందుకే, రెండు లైట్లు కనిపిస్తే ఎక్కువ వెలుగున్నదే మనదని కుర్రాడికి చెప్పి ఉంచారు.

గద్ద నాలుగు ఎల్ఈడీల హై కరెంట్ టార్చి డిజైన్ చేశాడు. బ్యాటరీ నుంచి ఎల్ఈడీల దాకా పద్దెనిమిది గేజ్ సిలికాన్ వైరే వెయ్యమని వర్క్‌షాప్‌కి నోరు నొప్పెట్టేలా చెప్పాడు. అడిగినప్పుడల్లా సరేనన్నారు.

తెల్లవారుజామున, రేవు చివర ఉన్న సిగ్నల్ గదిలో స్విచ్ నొక్కాడు. గుడ్డిదీపంలా వెలిగింది. వైరు మాత్రం పొగలు కక్కింది. గద్దకి ఒళ్ళు మండిపోయింది. మూత విప్పి చూస్తే లోపల ఇరవై ఎనిమిది గేజ్, కుట్టుదారంలా ఉంది. వెంటనే గదిలోని ల్యాండ్‌లైన్ నుంచి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

“నువ్వు పద్దెనిమిదే అడిగావు. నేనే ఇరవై ఎనిమిది ఇప్పించాను. నీ దగ్గర పిసినారితనం ఎందుకని.”

“సార్, వైరుకి గేజ్ పెరిగేకొద్దీ సన్నబడుతుంది.”

అలాంటి పద్ధతి పెట్టిన తలతిక్కవాడెవడని చీఫ్ విసుక్కున్నాడు. సన్న వైరులో కరెంటు సగం వేడైపోతుందనీ, లైటుకి మిగిలేది ఎంగిలి మెతుకులేననీ గద్ద పళ్ళు నూరుతూ వివరించాడు. చీఫ్ కాస్త తగ్గాడు.

“నాకేం తెలుసయ్యా. నంబర్ పెంచితే ఇంకా మంచిదని నెమలే చెప్పింది.”

నెమలి వర్క్‌షాప్ ఇన్‌ఛార్జి. ఎర్రటి గోళ్ళు, ఖరీదైన సెంటు. కొత్త ఏజెంట్లకి వైర్ల పాఠం చెప్పేది ఆవిడే. చీఫ్‌ది తెలియనితనం. ఆవిడకి తెలియకపోవడం కుదరని పని. పైగా మిషన్‌కి తోడుగా వచ్చి, ఇప్పుడు అతని వెనకే నిలబడి ఉంది.

గద్ద వెనక్కి తిరిగేసరికి ఆమె లిప్‌స్టిక్ అతని గుండెకి గురిపెట్టి ఉంది. దాని కొసన సన్నటి పిస్టల్ గొట్టం.

“రేవు పక్కనున్న ఆ రాళ్ళ మీద మావాళ్ళు లైటు వేశారు. మీవాడు అటే వెళ్తాడు. మీరేం శ్రమపడకండి” అంది నెమలి.

ఇంత ద్రోహం చేసి ఆ మర్యాద ఒకటి. గద్ద చేతిలోని టార్చి స్విచ్ మళ్ళీ నొక్కి, కాలుతున్న వైరుని ఆమె మణికట్టుకి తగిలించాడు. లిప్‌స్టిక్ కిందపడి నేలలోకి పేలింది. ఆ వైరు పుట్టాక చేసిన మంచి పని అదొక్కటే.

ఆమెని కుర్చీకి కట్టేసి హ్యాండ్‌బ్యాగ్ దులిపితే ముఠా టార్చికి జోడీ బయటపడింది. పెనుగులాటలో బ్యాగు అతని బూటు కిందే నలిగి ఆ టార్చి ఎల్ఈడీ పగిలిపోయింది. గద్ద తన కాలిని తనే తిట్టుకున్నాడు. లోపలి వైరు మాత్రం నిక్షేపంగా ఉంది. అచ్చంగా పద్దెనిమిది గేజ్, మెత్తటి సిలికాన్ తొడుగు. తనకి రావలసినది దాచుకుని శత్రువుకి వాడిందన్నమాట.

పొడవు ఎంత తగ్గితే నష్టం అంత తక్కువ. బెత్తెడు ముక్కలు కోసి, పెన్నులో దాచిన సోల్డరింగ్ ఐరన్ తీశాడు. లావు వైరు వేడినంతా తాగేస్తోంది, సీసం అతుక్కోవడం లేదు. బయట పడవ ఇంజన్ చప్పుడు రాళ్ళ వైపే జరుగుతోంది. గద్దకి ఏడుపొచ్చినంత పనైంది. వేళ్ళు కాలుతున్నా ఐరన్ వదల్లేదు. చివరికి సీసం కరిగి పారింది.

స్విచ్ నొక్కాడు. పొగమంచంతా తెల్లగా వెలిగిపోయింది. రాళ్ళకి అంగుళాల దూరంలో పడవ ఆగి, ఇటు తిరిగింది.

బావమరిది మెట్లెక్కి వస్తూ రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు.

“ఏంటి బావా, కళ్ళు పోయేలా ఉన్నాయి. ఇంత లైటు ఎందుకు?”

గద్ద వాడిని గట్టిగా కావలించుకున్నాడు. తర్వాత ఒక్క మొట్టికాయ వేశాడు.