పెరట్లో రెండో పొయ్యి

ఆ శనివారం పొద్దున వేలూరు సత్తువాచారిలోని ఆ ఇంట్లో ఇడ్లీలు దించకముందే అరుపులు మొదలయ్యాయి. అరిచేది సురేఖ ఒక్కతే. తక్కిన ఇద్దరూ వినేవాళ్లు. భర్త మోహన్‌రాజ్ కట్టడాల మేస్త్రీ. కనియంబాడిలో ఒక ఇంటికి కప్పు వేయించాల్సిన పనిని ఇంకొకరికి అప్పగించి, అద్దె కుర్చీలు హాల్లో వరసగా సర్దుతున్నాడు. కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు రంజని సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆమెకు ఏడో నెల. పదకొండు గంటలకు ఆమె కోసమే ఇంట్లో ప్రార్థన కూటం. సంఘంలోని ఆడవాళ్లు పదిహేను మంది వస్తారు.

"అవ్వ వస్తాదా అమ్మా?" అంది రంజని.

"వస్తానని ఫోన్ చేసినాది. ప్రార్థన అయిపోయినాక రమ్మన్నా."

"పులిహోర తెస్తాదా?"

సురేఖ గరిటె పట్టుకునే వంటింట్లోంచి బయటికి వచ్చింది. "తెస్తే? నువ్వు తింటావా? ఎన్నిసార్లు చెప్పినా నీకు?"

"నాకు నోరూరతా ఉండాది. కడుపుతో ఉండేదాన్ని."

"కడుపుతో ఉండేదానివి గాబట్టే చెప్తా ఉండా."

మోహన్‌రాజ్ కుర్చీ కాళ్లు సరిచేస్తూ తల ఎత్తలేదు. అతనికి దేవుడంటే భయం ఉంది, భార్య అంటే ఇంకొంచెం ఎక్కువ ఉంది. ఈ రెండు భయాల మధ్య ఎన్నో ఏళ్లుగా హాయిగానే బతుకుతున్నాడు.

పదకొండేళ్ల కిందట సురేఖ కడుపులో గడ్డ లేచి, ఆ ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో నలభై రోజులు పడి ఉంది. పక్క మంచం మీది ఆరోకియమేరి తన నొప్పిని మరచి రోజూ ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థించేది. బతికి ఇంటికి వచ్చాక సురేఖ నేరుగా ఆరోకియమేరి వెళ్లే ప్రార్థన సభకు పోయింది, మళ్లీ వెనక్కి చూడలేదు. తెలుగు అక్షరాలు రావు కాబట్టి బైబిలు వాక్యం అరవంలో చదువుతుంది. కళ్లనీళ్లు పెట్టుకుని ప్రార్థించేటప్పుడు మాత్రం తెలుగే వస్తుంది. ఆమె భక్తిలో నటన లేదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తరవాత జరిగింది చదివితే ఆమె మీద కోపం వస్తుంది.

గుడియాత్తంలో కొడుకు దగ్గర ఉండే తల్లి ధనమ్మ దీనికి అడ్డు చెప్పలేదు. "నువ్వు బతికినావు. ఏ సామి బతికిస్తే నాకేం?" అంది. అంతే. పదిహేను రోజులకొకసారి క్యారియర్ నిండా వండుకుని బస్సెక్కి వచ్చేది. సురేఖ నవ్వుతూ అందుకునేది. తల్లి తిరిగి బస్టాండు వైపు మళ్లగానే ఆ క్యారియర్ ఎదురింటి కన్నియమ్మ వంటింట్లో ఖాళీ అయ్యేది. ధనమ్మ ఇంట్లో గంగమ్మకు పెట్టనిదే ఎవరూ మెతుకు ముట్టరు. పుట్టి పెరిగిన ఇంటి సంగతి సురేఖకు ఒకరు చెప్పాలా? విగ్రహం ముందు పెట్టిన అన్నం తను తినదు. సాయంత్రం తల్లి ఫోన్ చేసి "తిన్నారా?" అంటే "తిన్నామమ్మా" అనేది. ఆ అబద్ధం కొంచెం గుచ్చుకునేది. అమ్మ మనసు నొప్పించకుండా ఉండడానికే కదా అని సర్ది చెప్పుకునేది.

ప్రార్థన బాగా జరిగింది. ఆఖరి ఆమెన్ చెప్పి కళ్లు తెరిచి చూస్తే గుమ్మం బయట మెట్టు మీద ధనమ్మ కూర్చుని ఉంది. ఎంతసేపటి నుంచి కూర్చుందో తెలియదు. డెబ్బై దాటిన మనిషి, ఎండలో ముఖం ఎర్రబడింది.

"లోపలికి రాకుండా ఈడ కూర్చున్నావేందమ్మా?"

"మీరు దేవుడితో మాట్లాడతా ఉండారు. మధ్యలో నేనెందుకని."

ఆమె లోపలికి వచ్చి అందరికీ దణ్ణం పెట్టింది. చేతులు కడుక్కుని, రంజని పక్కన కూర్చుని క్యారియర్ మూత తీసింది. పులిహోర వాసన హాలంతా పరుచుకుంది. ఏడో నెలలో పుట్టింటి పెద్దది తన చేత్తో తినిపించడం వాళ్లలో ఆనవాయితీ. ధనమ్మ ఒక ముద్ద చేసి మనవరాలి నోటి దగ్గరకు తీసుకుపోయింది. రంజని చిన్నపిల్లలా నోరు తెరిచింది.

సురేఖ ఆరోకియమేరి వైపు చూసింది. ఆరోకియమేరి ఇటే చూస్తోంది. తక్కిన ఆడవాళ్లందరూ ఇటే చూస్తున్నారు.

ఒక్క అంగలో వచ్చి తల్లి మణికట్టు పట్టుకుంది సురేఖ. "వద్దమ్మా! సామికి పెట్టింది నా బిడ్డ నోట్లో పెట్టొద్దు."

"కాదు నాయనా, ఇది..."

"నువ్వేం చెప్పొద్దు. ఇన్నేళ్లూ నీ మనసు నొస్తాదని గమ్మునుండినా. దేవుడి బిడ్డలందరూ కూర్చోనుండంగా నా ఇంట్లో ఇదేనా నువ్వు చేసే పని?"

ధనమ్మ ఏదో చెప్పబోయి మానుకుంది. ముద్దను మెల్లగా గిన్నెలో పెట్టి మూత వేసింది. "సరే పాపా. తప్పైపోయింది" అని లేచింది. అందరికీ ఇంకోసారి దణ్ణం పెట్టి, క్యారియర్ తీసుకుని బయటికి నడిచింది.

మోహన్‌రాజ్ చెప్పులు కూడా వేసుకోకుండా వెనక పరుగెత్తాడు. "అత్తా, రెండు మెతుకులు తిని పో అత్తా."

"ఆకలి లేదప్పా. నువ్వు పో, వచ్చినోళ్లని చూసుకో."

అతను బస్సెక్కించి తిరిగి వచ్చేసరికి రంజని గది తలుపు వేసుకుంది. లోపలి నుంచి ఏడుపు వినిపిస్తోంది. "ఒక్క ముద్ద కోసరం అవ్వని తరిమేసినావు. నాకేం వద్దు పో" అంటోంది. బిరియాని తిన్న ఆడవాళ్లు గబగబా చేతులు కడుక్కుని, బాగుందక్కా అని పొడిగా చెప్పి వెళ్లిపోయారు.

ఆరోకియమేరి ఒక్కతే ఉండిపోయి ప్లేట్లు కడుగుతోంది. సురేఖ పక్కన నిలబడి, "నేను చేసింది సరే కదక్కా?" అంది. మెచ్చుకోలు కోసమే అడిగింది.

ఆరోకియమేరి చేయి ఆపకుండా అరవంలో నిదానంగా అడిగింది. "నువ్వు ఆ మాట దేవుడి కోసం అన్నావా సురేఖా, నా కోసం అన్నావా?"

సురేఖ కడిగిన ప్లేటు ఒకటి తీసుకుని తుడవసాగింది.

"మా ఆయన మరియమాత గుడికి పోతాడు, నేను సభకి వస్తాను. ముప్పై ఏళ్లుగా ఆదివారం ఇద్దరం ఒకే ఆటోలో బయలుదేరతాం. ఆయన్ని ముందు దింపి నేను వస్తాను. దారిలో ఎప్పుడూ కొట్లాడుకోలేదు. సర్దుకుపోతే దేవుణ్ణి వదులుకున్నట్టు అని నీకెవరు చెప్పారు? నీకు ఆ అన్నం వద్దనుకుంటే తినొద్దు. ఆ ముసలమ్మ చెయ్యి అందరి ముందూ పట్టుకోవాల్సిన పని ఏముంది? పక్కకు పిలిచి చెప్పి ఉండొచ్చు కదా."

ఆ మాటలు సురేఖ లోపల ఎక్కడో తగిలాయి. అయినా పైకి ఒప్పుకోలేదు. వాక్యం వాక్యమే కదా అని గొణిగింది.

సాయంత్రం అయిదు గంటలకు తమ్ముడి భార్య దేవకి ఫోన్ చేసింది. "వదినా, ఏమైంది? అత్త వచ్చినప్పటి నుంచి గోడ వైపు తిరిగి పండుకోనుండాది. క్యారియర్ తెచ్చింది తెచ్చినట్టే ఉండాది. అడిగితే చెప్పదు. పులిహోర బాగలేదన్నారా?"

"సామికి పెట్టింది మేం తినం దేవకీ. నీకు తెల్సు గదా."

"సామికి ఎవరు పెట్టినారు వదినా?"

"అంటే?"

"మీకని వండేది ఇంట్లో పొయ్యి మీద ఎప్పుడు వండినాదని? సబోళ్లు సామికి పెట్టింది తినరని ఎవరో అంటే విని, మీరు సబకి పోవడం మొదలుపెట్టిన కాడి నుంచి పెరట్లో మూడు ఇటుకలు పెట్టుకోనుండాది. తెల్లారకముందే లేసి ఆడ వండతాది. వేరే గిన్నె, వేరే గరిటె. ఆ గిన్నె సామి మూల పక్కకే రాదు. మా పిల్లోళ్లు అడిగినా అందులోది పెట్టదు, అది సురేఖది అంటాది. ఆ తరవాత ఇంట్లోకి వచ్చి గంగమ్మ ముందర చెంపలేసుకుంటాది. నీకు పెట్టకుండా తీసినా తల్లీ, పిల్ల మనసు అట్లుండాది, కోపపడొద్దు అని. నేను నవ్వతా ఉంటా అప్పుడప్పుడు. మీకు చెప్పలేదా?"

సురేఖ ఫోన్ పెట్టేసి మంచం అంచున కూర్చుంది. కాదు నాయనా, ఇది... అని తల్లి మొదలుపెట్టిన మాట ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఆ మాట పూర్తి చేయనివ్వనిది తనే. పదకొండేళ్లు తల్లి తన సామి ముందు తప్పు చేస్తూ వండింది. ఆ అన్నాన్ని తను ఒక్కనాడు కూడా మూత తీసి చూడలేదు. తిన్నామని చెప్పింది. పవిత్రంగా ఉన్నానని అనుకుంటూ అబద్ధంలో బతికింది. పైగా పదిహేను మంది ముందు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఎవరి కోసం? ఆరోకియమేరి అడిగిన ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికింది. దేవుడి కోసం కాదు. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ల కోసం. సిగ్గుతో ఆమె తల పైకెత్తలేకపోయింది. ప్రార్థించాలని మోకాళ్లూనింది కానీ తెలుగులో కూడా మాట రాలేదు.

మరునాడు ఆదివారం. పదకొండేళ్లలో మొదటిసారి సురేఖ సభకు తయారు కాలేదు.

"సబకి టైమైతా ఉండాది" అన్నాడు మోహన్‌రాజ్.

"మీరు పోయిరండి. నేను అమ్మ కాడికి పోతాండా. ముందు ఆడ సరిచేసుకోకుండా దేవుడి కాడ ఏ మొగం పెట్టుకోని నిలబడేది?"

అతను బస్సు ఖర్చు చేతిలో పెట్టి, రంజనిని నేను చూసుకుంటాలే అన్నాడు.

గుడియాత్తం చేరేసరికి పది దాటింది. ధనమ్మ వసారాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. కూతురిని చూసి కంగారుగా లేచింది. "రంజని బాగుండాదా?"

"బాగుండాదమ్మా. నేనే ఊరికే వచ్చినా."

"ఏమైనా తిన్నావా? లేదు గదా, నీ మొగమే చెప్తా ఉండాది. ఉండు, ఇంట్లోది పొద్దున్నే సామికి పెట్టేసినా. నీకు వేరే వండతా."

"వద్దమ్మా. ఉండేదే పెట్టు. నేను తింటా."

ధనమ్మ కూతురి ముఖంలోకి పరీక్షగా చూసింది. "దేవకి చెప్పేసినాదా? దానికి నోరు ఆగదు." తరవాత మెల్లగా అంది. "వద్దు నాయనా. ఏడుపులో ఈ పొద్దు తినేస్తావు. రేపు నీ దేవుడి ముందర కూర్చున్నప్పుడు అది నిన్ను పీకతాది. నాకోసరం అట్ల చేయొద్దు. అరగంట, అంతే."

ఆమె పెరట్లోకి నడిచింది. సురేఖ వెంట పోయింది. బావి గోడ పక్కన మూడు ఇటుకలు మసిబారి ఉన్నాయి. పక్కన రేకు కింద తడవకుండా పేర్చిన చితుకులు, బోర్లించిన అల్యూమినియం గిన్నె, ఒక గరిటె ఉన్నాయి. సురేఖ చితుకులు అందించబోతే, "నువ్వు కూర్చో, పొగ కళ్లల్లో పడతాది" అంది తల్లి. పొగకు ముందే సురేఖ కళ్లు మండుతున్నాయి.

అన్నం ఉడికింది. పోపు పడింది. ధనమ్మ పళ్లెంలో వడ్డించి ముందు పెట్టింది. సురేఖ మనసులోనే దేవుడికి స్తోత్రం చెప్పుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఎట్లుండాది?"

"ఉప్పు కొంచెం తగ్గిందమ్మా."

"అట్లనా?" ధనమ్మ ఉప్పు డబ్బా జరిపింది. "సామికి పెట్టకముందు నేను నోట్లో వేసుకోను. ఈ గిన్నె సామి కాడికి పోదు. ఇంక నేను రుచి చూసేదెట్ల? చేతి అందాజుతో వేస్తా."

సురేఖ చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. ఇంక దాచుకుని కూర్చోలేకపోయింది. "అమ్మా, నేను నీకొక మాట చెప్పాల. నువ్వు తెచ్చిందేదీ నేను తినలేదు. ఒక్కసారి గూడా తినలేదు. నువ్వు పోతానే ఎదురింటి కన్నియమ్మకి ఇచ్చేసేదాన్ని. తిన్నామని నీతో అబద్ధం చెప్పినా. నన్ను మన్నించమ్మా." చెప్తూ చెప్తూ ఏడ్చేసింది.

ధనమ్మ పొయ్యిలో కట్టెను వెనక్కి లాగి మంట తగ్గించింది. "నాకు తెల్సు."

"తెల్సా?"

"నాలుగేళ్లయింది. లత్తేరి కాడ కన్నియమ్మ నేనుండే బస్సెక్కింది. నా పక్కనే కూర్చోని, నీ చేతి పులిహోర తినే మా పిల్లోళ్లు పెరిగినారవ్వా అని నా చెయ్యి పట్టుకునింది. పాపం, దానికేం తెల్సు. ఆ పొద్దు ఇంటికొచ్చి శానా ఏడ్చినా. దేవకికి గూడా చెప్పలే."

"తెల్సి గూడా ఎందుకమ్మా? ఇంట్లో వండిందే తెచ్చి ఇచ్చేసి ఉండొచ్చు గదా. ఈ పొయ్యి, ఈ గిన్నె, నీ సామి కాడ నువ్వు చెంపలేసుకునేది... నాలుగేళ్లు ఎందుకు చేసినావు?"

"ఏదో ఒకనాడు నీకు బాగా ఆకలైతాది. ఇంట్లో ఏమీ ఉండదు. ఎదురింటికి ఇచ్చే ముందర ఒకసారి మూత తీస్తావు, ఒక ముద్ద తింటావు. ఆ పొద్దు అది నువ్వు తినదగిందిగా ఉండాల గదా. అది ఏ పొద్దో నాకు తెల్దు నాయనా. అందుకే అన్ని పొద్దులూ అట్లనే చేసినా."

తన విశ్వాసాన్ని తానే కష్టపడి కాపాడుకుంటున్నానని సురేఖ ఇన్నేళ్లూ గర్వపడింది. ఆ దేవుడి పేరు కూడా సరిగ్గా పలకలేని తల్లి, ఈ పెరట్లో పొగలో కూర్చుని దానికి కాపలా కాసింది. తను వాక్యంలో వందసార్లు చదివిన ప్రేమను తల్లి చదవకుండానే చేసి చూపించింది. తను తల్లి కోసం ఏం తగ్గింది? ఒక్క మెట్టు కూడా దిగలేదు.

"ఏడుస్తా తినొద్దు, పొరబోతాది" అంది ధనమ్మ.

సురేఖ ముక్కు తుడుచుకుని పళ్లెం ఖాళీ చేసింది. గిన్నెలో ఇంకా సగం ఉంది. "అది క్యారియర్‌లో పెట్టమ్మా. పెట్టి, చీర మార్చుకో. రంజనికి నీ చేత్తోనే తినిపించాల."

"మీ సబ ఆడోళ్లు?"

"సాయంత్రం అందరినీ మళ్లీ పిలుస్తా. నిన్న వాళ్ల ముందరే నీ చెయ్యి పట్టుకున్నా. ఈ పొద్దు వాళ్ల ముందరే నీకు మన్నింపు అడగాల."

"అవన్నీ ఎందుకు నాయనా."

"ఎందుకంటే నాకు కావాల" అంది సురేఖ. ఖాళీ పళ్లెం తల్లి ముందుకు జరిపింది. "క్యారియర్ కట్టే ముందర నాకు ఇంకొంచెం పెట్టు. ఆకలి తీరలేదు."